కాల్చిన కారం వేరు, పొగ కారం వేరు

సంపాదకులకు,

మీ ఆదివారం వంటల పేజీలో ఇంట్లోనే పొగ కారం చేసుకునే తీరు వేశారు. ఎండు మిరపకాయల్ని పట్టకారుతో గ్యాస్ మంట మీద పట్టుకుని, నల్లమచ్చలు పడ్డాక మిక్సీలో వేస్తే అయిపోతుందని అందులో ఉంది. ఆ పద్ధతి దిష్టి తీయడానికి బాగుంటుంది. కారానికి మాత్రం పనికిరాదు. మిద్దె మీద పండించిన కాయలతో పొగ కారం చేసుకోవాలని ఇప్పుడు తిరుపతి, చిత్తూరు వైపు చాలామంది అడుగుతున్నారు. వాళ్లు నాలుగు నెలలు పెంచిన కాయల్ని ఇలా మంటలో మాడ్చుకోకూడదనే ఈ ఉత్తరం.

ఎండు మిరపకాయలో తేమ పదో వంతుకు మించి ఉండదు. మంట తగలగానే తోలు మాడి, ఎరుపు పోయి, తీపి కాస్తా చేదవుతుంది. ఘాటు పొగతో లేచి ఇంటిల్లిపాదినీ దగ్గిస్తుంది. మిగిలేది కాలిన మిరపకాయ వాసన. పొగ కారంలో మనకు కావలసింది కట్టె వాసన. కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ నిప్పు మీద విడిపోయినప్పుడు, పొగకు ఆ వాసన తెచ్చే గ్వాయకాల్, సిరింగాల్ వంటి పదార్థాలు ఆవిరిగా లేస్తాయి. కాల్చిన వంకాయ పచ్చడికైనా కట్టెల పొయ్యి మీద చేస్తే వచ్చే రుచి గ్యాస్ మీద రాకపోవడానికి కారణం ఇదే. ఆ ఆవిరి తడి ఉన్న కాయకు పట్టినట్టు ఎండిపోయిన కాయకు పట్టదు. అందుకే పండిన కాయ ఎండకముందే, పచ్చిగా ఉండగానే పొగ పెట్టాలి, ఆ పొగ వేడితోనే సగం ఆరనివ్వాలి. మీ వంటకంలో ఈ వరుసే తలకిందులైంది.

మెక్సికోలో హాలపెన్యో అనే మిరప రకాన్ని ఎర్రగా పండాక పొగలో ఆరబెట్టి చిపోట్లే అంటారు. స్పెయిన్‌లో లా వేరా అనే చోట మిరప పళ్లను ఓక్ కట్టె పొగలో పది పదిహేను రోజులు ఉంచి, రోజూ చేత్తో తిప్పుతారు. అక్కడ కోత సమయానికి వానలు పడతాయి కాబట్టి ఎండను నమ్ముకోలేక పొగను నమ్ముకున్నారు. మన పరిస్థితీ దాదాపు అంతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మనల్ని వదలవు. ఆగస్టులో నాటిన మొక్కకు కాయ పండేది సరిగ్గా అప్పుడే. మిద్దె మీద ఆరబోసిన కాయ మూడు రోజులు ముసురులో చిక్కితే బూజు పడుతుంది. కాబట్టి పొగ పెట్టడం మనకు రుచి కోసమే కాదు, పంట దక్కించుకోవడానికి కూడా.

రకం ఎంచుకోవడంలో చాలామంది తప్పటడుగు వేస్తారు. తేజ కాయతో చేస్తే ఘాటు దంచేస్తుంది. చిటికెడు మించి వేసుకోలేం, ఆ చిటికెడులో పొగ వాసన నాలుకకు ఆనదు. హాలపెన్యో ఘాటు స్కోవిల్ లెక్కలో 2,500 నుంచి 8,000. గుంటూరు సన్నం 35,000 దాటుతుంది, తేజ దానికి రెట్టింపు. మెక్సికో వాళ్లు చెంచాలకు చెంచాలు వేసుకోగలగడానికి కారణం ఆ తేడాయే. బ్యాడిగి కాయ మూడు పాళ్లు, సన్నం ఒక పాలు కలిపితే రంగు, కారం, పొగ మూడూ తెలుస్తాయి. మొక్క మీదే ఎర్రగా పండిన బజ్జీ మిర్చి పొగను అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది. కాకపోతే అదంతా నీరే. కిలో కాయకు నూరు గ్రాముల కారం వస్తే గొప్ప.

కాయ పూర్తిగా ఎరుపెక్కాక కూడా నాలుగైదు రోజులు మొక్క మీదే వదలాలి. తొడిమె పక్కన భుజం కొంచెం ముడత పడ్డప్పుడు కోయాలి. అప్పటికి నీరు కొంత తగ్గి, తీపి, రంగు నిండుతాయి. పచ్చ చార ఉన్న కాయ ఎండితే తెల్లబడి తాలు కాయవుతుంది, దాన్ని పొగ కూడా బాగుచేయదు. కింద చెప్పే పొగ పొయ్యి ఒకసారి నిండాలంటే రెండున్నర కిలోలు కావాలి, పది పన్నెండు కుండీలు ఉన్నవాళ్లకు ఒక్క కోతలో అన్ని రావు. కోసినవి కాగితం సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో వారం దాకా పోగు చేసుకోవచ్చు. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పట్టి తొడిమె దగ్గర మొదలై కుళ్లుతాయి.

తొడిమె తీయకుండానే కడగాలి. తీసి కడిగితే నీళ్లు లోపలికి పోతాయి. గుడ్డతో తుడిచి, అరగంట ఫ్యాను కింద ఆరనిచ్చి, అప్పుడు తొడిమె తీసి నిలువునా చీల్చాలి. మిరపకాయ తోలుకు మైనం పూత ఉంటుంది. చీల్చని కాయకు పొగ పైపైనే అంటుతుంది, ఆరడానికి రెట్టింపు సమయం పడుతుంది. చీల్చడంలో ఇంకో లాభం ఉంది, నిజానికి అదే పెద్దది. కాయ కుళ్లు తెగులు తగిలిన మిరపకాయ కొన్నిసార్లు బయటికి నిగనిగలాడుతూ కనిపిస్తుంది. కత్తి పెడితే గింజల గుత్తి చుట్టూ బూడిద రంగు నూగో నల్లటి పొడో కనిపిస్తుంది. ఆ ముక్క వరకు కోసేసి మిగతాది వాడదామనుకోవద్దు, కాయ మొత్తం పారేయాలి. కొన్ని బూజులు వదిలే అఫ్లాటాక్సిన్ విషం పొగ వేడికి పోదు. పైగా పొగ వాసన బూజు వాసనను కప్పేస్తుంది. కొనే పొగ కారం విషయంలో భయపడాల్సిందీ ఇక్కడే. ఏ కాయతో చేశారో ముక్కు పట్టుకోలేదు.

ఘాటు గింజలో ఉంటుందనేది అందరి నమ్మకం. అది ఉండేది గింజల్ని పట్టుకున్న తెల్లటి పొరలో. కారం తగ్గాలంటే ఆ పొర గీకేయాలి. చేతులకు తొడుగులు తప్పవు. తొడుగు లేకుండా చేసి మంటెత్తితే నీళ్లతో కడిగి లాభం లేదు, ముందు వంటనూనె రుద్ది, తర్వాత సబ్బు పెట్టాలి. ఘాటు నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో కరగదు.

పొయ్యికి 200 లీటర్ల ఇనుప డ్రమ్ము చాలు. మన జిల్లాల్లో మామిడి గుజ్జు నింపే డ్రమ్ములు పాతసామాను కొట్లలో దొరుకుతాయి. గుజ్జు లోపలి సంచిలోనే ఉంటుంది కాబట్టి డ్రమ్ముకు తగలదు. రసాయనాలు, పురుగుమందులు, రంగులు పోసిన డ్రమ్ము మాత్రం ఎంత తోమినా వద్దు. ముందు ఖాళీ డ్రమ్ములో గంటసేపు పెద్ద మంట వేసి లోపలి పూత కాల్చేసి, తోమి ఆరబెట్టాలి. అడుగున పక్కగా పది అంగుళాల చదరపు తలుపు కోయించుకోవాలి, కుంపటి పెట్టి తీయడానికి. తలుపు పక్కన అంగుళం కన్నాలు మూడు గాలికి, మూతకు ఒకటిన్నర అంగుళం కన్నాలు రెండు పొగ పోవడానికి. నేల నుంచి 14 అంగుళాల ఎత్తున ఒక పాత ఇనుప పెనమో రేకో అడ్డం పెట్టాలి, చుట్టూ ఒకటిన్నర అంగుళం సందు వదిలి. ఈ అడ్డురేకు లేకపోతే నడిమి కాయలు మాడి, అంచున ఉన్నవి పచ్చిగా ఉండిపోతాయి. దానిపైన, నేల నుంచే కొలిచి 22 అంగుళాల దగ్గర ఒక జాలీ, 29 దగ్గర ఇంకోటి. జాలీ స్టీలుదై ఉండాలి, జింకు పూత ఇనుము వద్దు. కింది జాలీ ఎత్తులో చిన్న కన్నం చేసి ముల్లు థర్మామీటర్ గుచ్చితే మిగతా పనంతా దాన్ని చూసి చేయడమే.

కట్టె విషయంలో మనం అదృష్టవంతులం. జూలైలో తోతాపురి కోత ముగిశాక తోటల్లో కొమ్మలు కత్తిరిస్తారు. ఆగస్టులో తెచ్చి వాన తగలని చోట పేర్చిన మామిడి కొమ్మ జనవరికి పొయ్యికి వస్తుంది. రెండు పేళ్లు ఒకదానితో ఒకటి కొడితే ఖణేల్మనాలి. దబ్బుమంటే లోపల తడి ఉన్నట్టే. బెరడు, ఆకు తీసేయాలి. పచ్చి మామిడిలో సొన ఉంటుంది, ఆ పొగ కళ్లకూ ఒంటికీ పడదు. జామ, చింత కూడా మంచివే. చింత పొగ కొంచెం మొరటు, తక్కువ వేసుకోవాలి. వేప చేదు తెస్తుంది. నీలగిరి మందు వాసన వేస్తుంది. సామాను పెట్టెల చెక్క, ప్లైవుడ్, రంగు వేసిన తలుపు ముక్కలు విషం. గన్నేరు పుల్ల పొరపాటున కూడా పడకూడదు. చెనక్కాయ పొట్టు చౌకగా దొరుకుతుంది గానీ భగ్గున మండి పోతుంది, నిలకడగా పొగ ఇవ్వదు. కొబ్బరి చిప్ప సరే, పీచు మాత్రం వద్దు. ఎర్రచందనం సంగతి ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు.

పొద్దున ఏడుకు కుంపట్లో అరకిలో కట్టెబొగ్గు రాజేయాలి. కిరసనాయిలు చుక్క కూడా పోయకూడదు, ఆ వాసన కాయల నుంచి వదలదు. కర్పూరం బిళ్ల పరవాలేదు, కానీ అది పూర్తిగా ఆరి, బొగ్గుల మీద తెల్ల బూడిద పట్టాకే జాలీలు ఎక్కించాలి. ఒక్కో జాలీ మీద కిలోంబావు కాయ, చీల్చిన వైపు పైకి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరవాలి. మొదటి గంట కట్టె వేయవద్దు, ఒట్టి బొగ్గు వేడి చాలు. మూతను ఒక పుల్లతో వేలెడంత ఎత్తి ఉంచాలి. ఈ గంటలో కాయ మీది చెమ్మ ఆరి, ముట్టుకుంటే జిగటగా అంటుకోవాలి. ఇది తొందరలో వదిలేసే మెట్టు. నీళ్లోడుతున్న కాయకు పొగ పెడితే మసి చారలు పడి, నాలుకకు తారు తగిలినట్టు ఉంటుంది. మూతకు పట్టిన చెమ్మ చుక్కలుగా కాయల మీద పడ్డా అంతే.

ఆ తర్వాత మూత దించి, అరగంటకోసారి బొటనవేలి లావు, నాలుగంగుళాల పొడవు పేళ్లు రెండు మూడు నిప్పుల అంచున పెడుతూ పోవాలి. నడిమధ్యలో వేస్తే మంట లేస్తుంది. ముల్లు 60 నుంచి 70 డిగ్రీల మధ్య ఆడాలి. 80 దాటితే తోలు బొబ్బలెక్కి, ఎరుపు ఇటుక రంగుకు, ఇటుక నుంచి కాఫీ రంగుకు మారుతుంది. 45 కంటే దిగి గంటలు గడిస్తే లోపలి రసం పులిసిపోతుంది. వేడి తగ్గించాలంటే కింది గాలి కన్నం ఒకటి మూయాలి. పై కన్నాలు ఎప్పుడూ మూయకూడదు. పొగ పోతోందే అని ప్రాణం ఒప్పుకోక అందరూ మూసేది వాటినే, కారం చేదెక్కేదీ అక్కడే. రెండున్నర గంటలకు పై జాలీ కిందికి, కిందిది పైకి మార్చి కాయల్ని తిప్పాలి. సన్న కాయకు ఐదు గంటల పొగ సరిపోతుంది. బజ్జీ మిర్చికి రెండు రోజుల్లో కలిపి ఎనిమిది. అంతకు మించి పెడితే పొగ రుచి పెరగదు, చేదు పెరుగుతుంది. ఐదు గంటలకు కట్టె కిలో దాకా, బొగ్గు పొద్దున రాజేసినదానితో కలిపి కిలోన్నర పడుతుంది.

పొగ మంచిదో కాదో కంటికి తెలుస్తుంది. పై కన్నం నుంచి సన్నగా, నీలంగా, వెనక ఉన్న గోడ కనిపించేలా రావాలి. తెల్లగా, దట్టంగా, పాలు పొంగినట్టు వస్తే కట్టె తడిగా ఉందనో, గాలి చాలడం లేదనో అర్థం. నమ్మకం కుదరకపోతే తెల్ల పింగాణీ సాసర్ ఒకటి కన్నం మీద నిమిషం బోర్లించి చూడండి. లేత పసుపు మంచు పడితే మంచి పొగ. వేలికి అంటుకునే గోధుమ రంగు జిగురు చుక్కలు పడితే అదే జిగురు కాయల మీదా పడుతోంది. వెంటనే మూత తీసి, తెల్లపొగ పోయేదాకా ఆ పేళ్లను బయటికి లాగేయాలి.

పొగ ఆపాక సాయంత్రం దాకా ఒట్టి బొగ్గు వేడి మీద, 55 నుంచి 60 డిగ్రీల్లో ఆరనివ్వాలి. ఎండ ఉంటే మర్నాటి నుంచి రెండు మూడు రోజులు పల్చటి గుడ్డ కప్పి ఎండబెట్టాలి. ముసురుంటే బొగ్గుల మీదే కానివ్వాలి. కాయ గలగలమనగానే అయిపోయిందనుకోకండి, తోలు ఆరినా నడిమి గింజల గుత్తి ఆరదు. త్రాసు ఉంటే దాన్నే నమ్మండి. రెండున్నర కిలోల సన్న కాయ 650 గ్రాముల దగ్గరికి దిగాలి. రెండు గంటల తేడాతో రెండుసార్లు తూచినా అంకె కదలకూడదు. తర్వాత గాజు సీసాలో పోసి రాత్రంతా మూత బిగించి ఉంచితే పొద్దున సీసా గోడకు ఆవిరి పట్టకూడదు. పట్టిందా, ఇంకో పూట ఎండ.

ఇంట్లో ఎండు మిరపకాయలే ఉన్నవాళ్లు కూడా అడుగుతున్నారు. అసలంత బాగా రాదు, అలాగని మీ గ్యాస్ మంట కంటే నయం. కిలో ఎండు కాయను చీల్చి నూరు మిల్లీలీటర్ల నీళ్లు చిలకరించి, గుడ్డలో మూటకట్టి నాలుగైదు గంటలు ఉంచాలి. రాత్రంతా ఉంచితే బూజు. మెత్తబడ్డాక రెండు మూడు గంటల పొగ పెట్టి మళ్లీ పూర్తిగా ఆరబెట్టాలి.

దంచే ముందు కాయ పూర్తిగా చల్లారాలి. వేడి కాయ మిక్సీలో పడితే ముద్ద కడుతుంది. సగం గింజలు రాల్చేస్తే మేలు. గింజ రంగును పలచన చేస్తుంది, దాని నూనె తొందరగా కంపెక్కుతుంది. మిక్సీని పది క్షణాలు తిప్పి ఆపి, మళ్లీ తిప్పాలి. ఒకేబిగిన తిప్పితే గిన్నె వేడెక్కి, ఐదు గంటలు పట్టించిన వాసన మూత తీయగానే గాలిలో కలుస్తుంది. మూత వెంటనే తీయవద్దు. పది నిమిషాలు ఆగితే పొడి కిందికి దిగుతుంది. మూతికి తడిగుడ్డ, తలుపులు బార్లా తెరిచి ఉంచడం మామూలే. పిండిమరకు ఇవ్వాలనుకుంటే మరవాణ్ణి ముందే అడగండి. మీ తర్వాత పసుపో ధనియాలో పట్టించుకునే వాళ్లకు మీ పొగ వాసన అంటుతుంది. ఉప్పు, నూనె, తెల్లగడ్డ ఏదీ కలపొద్దు, కావలసినప్పుడు కూరలో వేసుకోవచ్చు.

చిన్న చిన్న గాజు సీసాల్లో అంచు దాకా నింపి చీకట్లో పెట్టాలి. వెలుతురు, గాలి రెండూ రంగును తినేస్తాయి. నాలుగైదు నెలల్లో పొగ వాసన పలచబడుతుంది, కాబట్టి సంవత్సరానికి సరిపడా ఒకేసారి కొట్టుకోవడం దండగ. కాయగా దాచి నెలకు సరిపడా పొడి చేసుకోండి. కారంలో సన్న గోధుమ రంగు పురుగు పడుతుందని తెలిసిందే. సీసాను డీప్ ఫ్రీజర్లో నాలుగు రోజులు ఉంచితే గుడ్డుతో సహా చస్తుంది. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తెరవవద్దు. తెరిస్తే చెమ్మ నేరుగా కారంలోకే పోతుంది.

వాడకం గురించి మీ వంటకంలో తాలింపులో వేయమన్నారు. కాగిన నూనెలో ఈ పొడి అరక్షణంలో నల్లబడుతుంది. పొయ్యి కట్టేశాక చల్లుకోవాలి. సంగటిలోకి చేసే చెనక్కాయ ఊరిబిండిలో మామూలు కారం నాలుగో వంతు తీసేసి దీన్ని వేస్తే చాలు. ఎర్రకారం దోసెకు ఎర్రగడ్డ, తెల్లగడ్డ నూరాక చివర్లో ఒక చెంచా కలపండి. ఆవకాయకు మాత్రం వద్దు, పొగ వాసన కింద ఆవఘాటు అణిగిపోతుంది.

ఒక్క హెచ్చరిక. బాల్కనీ, స్నానాలగది, మెట్ల కింది గది ఏదైనా సరే, మూసిన చోట కుంపటి పెట్టకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని కూర్చున్నచోటే పడేస్తుంది. అపార్ట్‌మెంట్ మిద్దె మీద పెట్టుకునేవాళ్లు కింది ఇళ్లవాళ్లకు ముందు రోజే చెప్పి, బట్టలు ఆరేయని రోజు చూసుకుంటే మంచిది.

ఈ సంక్రాంతికి ముందూ వెనకా చాలా మిద్దెల మీద కాయ పండుతుంది. ఆ లోపే మీ వంటల పేజీలో సవరణ వేయండి. మొత్తం వేసే చోటు లేకపోతే గ్యాస్ మంట మాట తీసేసి, పండిన కాయ ఎండకముందే పొగ పెట్టాలన్న ఒక్క వాక్యమైనా వేయమని మనవి.

ఇట్లు,
కొందరు మిద్దెతోట సాగుదారులు,
తిరుపతి